శత్రువుతో ఒకే గుంతలో

జిన్నారం బాలరాజ్ తుపాకీ పట్టడానికి దేశం దాటలేదు. పాశమైలారంలో అతను పనిచేసే కెమికల్ కంపెనీలో రియాక్టర్ పేలి, యూనిట్ మూతపడింది. అక్కడే సూపర్‌వైజర్‌గా చేసిన మహేంద్ర ఉద్యోగమూ పోయింది. మహేంద్రది గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి రామచంద్రాపురంలో స్థిరపడ్డ కుటుంబం. పని వెతుక్కుంటూ ఇద్దరూ కలిసే తిరిగారు. పటాన్‌చెరులో ఒక ఏజెంటు రష్యాలో గోదాము కాపలా పని ఉందన్నాడు.

"లడాయి ఆడెక్కడో బార్డర్ల నడుస్తుంది అన్నా. మీకేం సంబంధం?" అన్నాడు.

రష్యాలో దిగిన వారానికే వాళ్ల పాస్‌పోర్టులు లాక్కున్నారు. ఒంటి మీదికి యూనిఫాం వచ్చాక గానీ తాము చేరింది సైన్యంలోనని తెలియలేదు. తుపాకీ కాల్చడం, నేల మీద పాకడం నేర్పి, ఒక పదాతి దళ బెటాలియన్‌తో పాటు ఉక్రెయిన్ ముందు వరుసకు తోలారు.

అక్కడి బతుకు రోజూ ఒక్కలాగే ఉండేది. చీకటితో లేచి కందకాలు తవ్వాలి. గడ్డకట్టిన నేలలో పార దిగేది కాదు. డబ్బా మాంసం, రాయిలాంటి రొట్టె, కరిగించిన మంచు నీళ్లు. తర్వాత తూటాల పెట్టెలు, నీళ్ల క్యాన్లు భుజానేసుకుని ముందున్న కందకానికి మోయాలి. వచ్చేటప్పుడు గాయపడ్డవాడినో, శవాన్నో ఈడ్చుకురావాలి. పైన డ్రోన్ల రొద ఆగేది కాదు. ఒకరోజు పక్కనే కూర్చున్న నేపాలీ కుర్రాడు సిగరెట్టుకు నిప్పు అడిగాడు. బాలరాజ్ జేబులోంచి లైటర్ తీసేలోపు ఆ కుర్రాడికి తల లేదు. మొండెం అలాగే కూర్చుని ఉంది.

ఒకడు ముందుకు పోనని మొండికేశాడు. ఆఫీసరు తుపాకీ మడమతో వాడి పళ్లు రాలగొట్టి, చెట్టుకు కట్టించి వదిలేశాడు. తెల్లారేసరికి మనిషి చలికి కొయ్యబారిపోయాడు.

"ఏంది సార్ ఇది? మనం మనుషులమా, గొర్లమా?" అన్నాడు బాలరాజ్.

"ఇంకా సార్ ఏంట్రా, పేరుతో పిలువు," అన్నాడు మహేంద్ర. ఇంటికి ఫోన్ దొరికినప్పుడల్లా గోదాములో క్షేమంగా ఉన్నానని భార్య కృష్ణప్రియతో చెప్పేవాడు.

మంచు కరిగి చేలన్నీ బురదయ్యాక, అవతలి చెట్ల వరుసను పట్టుకోమని ఆర్డరొచ్చింది. చేను సగం దాటకముందే డ్రోన్ ఒకటి మహేంద్ర కాళ్ల దగ్గర బాంబు వదిలింది. బాలరాజ్ అతన్ని కాలరు పట్టి షెల్లు పడ్డ గుంతలోకి ఈడ్చి, రెండు తొడలకూ బెల్టులు బిగించాడు.

"నా కాళ్లున్నాయా?"

"ఉన్నయి సార్. బురదల కనవడ్తలేవు."

మోకాళ్ల కింద ఏమీ లేదు.

అంతలో అవతలి సైనికుడొకడు అదే గుంతలోకి దూకాడు. ముగ్గురున్నారక్కడ, ఊపిరి తగిలేంత దగ్గరగా. బాలరాజ్ తుపాకీ బురదతో మొరాయించింది. అవతలివాడి దగ్గర తుపాకీ లేదు, కత్తి తీశాడు. బాలరాజ్ ఎడమచేత్తో ఆ కత్తినే పట్టుకున్నాడు. రెండు వేళ్లు తెగి పడ్డాయి. కుడిచేతికి నడుముకున్న చిన్నపార దొరికింది. మెడ మీద కొట్టాడు. ఆ సైనికుడు ఏదో మాటన్నాడు. అర్థం కాలేదు. బాలరాజ్ మళ్లీ కొట్టాడు. కదలిక ఆగాక కూడా ముఖం ఆనవాలు లేకుండా కొడుతూనే ఉన్నాడు.

"చాల్రా, పోయాడు," అన్నాడు మహేంద్ర.

షెల్లింగ్ ఆగలేదు. ఆ శవంతోనే పొద్దంతా గుంతలో ఉన్నారు. సాయంత్రానికి మహేంద్ర పెదాలు నల్లబడ్డాయి.

"కృష్ణకి అబద్ధాలు చెప్పానురా. నువ్వు నిజం చెప్పు," అన్నాడు. అవే చివరి మాటలు.

బాలరాజ్ పాక్కుంటూ వెనక్కి చేరాడు. చెయ్యి కుళ్లిపోయే స్థితిలో ఆసుపత్రిలో పడేశారు. ఇక్కడ అతని భార్య భవాని ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా చివరికి అతన్ని ఇంటికి పంపారు. మహేంద్ర శవం మాత్రం ఎప్పటికీ రాలేదు.

వచ్చాక బాలరాజ్ రామచంద్రాపురం వెళ్లి, కృష్ణప్రియ ఎదుట కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె ఏడవలేదు.

"మీరు చంపినవాడు... ఆయన్ని చంపడానికే వచ్చాడా అన్నయ్యా?"

"లేదమ్మా. వాడు గూడ మా లెక్కనే దాసుకోనికి దుంకిండు."

కొన్నాళ్లకు ఆ ఏజెంటు సంగారెడ్డిలో కొత్త బోర్డుతో ఆఫీసు తెరిచాడని తెలిసి ఇద్దరూ వెళ్లారు. లోపల పల్లెల నుంచి వచ్చిన యువకులు వరసగా కూర్చుని ఉన్నారు. ఏజెంటు బాలరాజ్‌ను గుర్తుపట్టనట్టు చూశాడు. కృష్ణప్రియ భర్త పేరు చెప్పింది.

"పోయినోడు పోయిండు మేడం. నౌకరన్నంక రిస్కుంటది," అన్నాడు వాడు.

బాలరాజ్ బల్ల మీది నుంచి దూకి వాడి మెడ పట్టాడు. తలను బల్ల అద్దానికేసి కొట్టాడు. అద్దం పగిలి వాడి చెంప చీరుకుపోయింది. అడ్డమొచ్చిన పనివాడు ఒక్క తన్నుకు గోడకు కొట్టుకుని పడ్డాడు. ఇనుప కుర్చీ ఎత్తి ఏజెంటు పక్కటెముకల మీద వేశాడు. మళ్లీ ఎత్తాడు.

"వదలండి అన్నయ్యా, చచ్చిపోతాడు!"

వినిపించలేదు. చివరికి ఆమె ఆ నెత్తుట్లోనే ఏజెంటు మీద అడ్డంగా పడుకుంది. "ముందు నన్ను కొట్టండి!" అని అరిచింది. ఎత్తిన కుర్చీ అలాగే ఆగింది. యువకులు అప్పటికే మెట్లు దిగి పారిపోయారు.

పోలీసులు బాలరాజ్‌ను జైలుకు పంపారు. కృష్ణప్రియ ఇచ్చిన ఫిర్యాదు మీద ఏజెంటును ఆసుపత్రి మంచం మీదే అరెస్టు చేశారు. ములాఖాత్‌కు వచ్చిన భవాని కిటికీ అవతలి నుంచి అడిగింది.

"గా బద్మాష్‌ను కొట్టినందుకు నేనేమన. గని నిద్రల నా గొంతు పిసికినవ్. బిడ్డ మొత్తుకుంటె ఇడిసినవ్. గది నీకు యాదికుందా?"

అతనికి గుర్తులేదు.

"బెయిలొచ్చినంక డాక్టర్ తానికి పోదాం," అంది భవాని. "రానంటె మా అమ్మోళ్లింటికి పోత."

"వస్త," అన్నాడు.

వెళ్లాడు. ఇప్పటికీ వెళ్తున్నాడు. మందులు వేసుకుంటాడు, పగలు బొల్లారం రోడ్డు మీద పంక్చర్ షాపులో పని చేస్తాడు. పడుకునేటప్పుడు భవాని, బిడ్డ లోపలి అర్రలో, అతను బయట వసారాలో. లోపల గొళ్లెం పెట్టుకోమని చెప్పింది బాలరాజే.