పుండు మానేదాకా వచ్చిన అక్క

నారాయణగూడ కప్పింగ్ అక్క ఇక లేదని మొన్న పొద్దున ఫోనొచ్చింది. చాలాకాలంగా కిడ్నీ జబ్బట. మాకెవరికీ చెప్పలేదు. చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలు కొంటున్నదాన్ని, సంచీ కింద పెట్టి ఒక దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను. అమ్మకు ఎలా చెప్పాలో తెలియలేదు.

అక్క నొప్పులున్న చోట గాజు కప్పులు పెట్టేది. కప్పులో మంట చూపించి చప్పున చర్మానికి ఆనిస్తే, అది కండను పైకి లాగి పట్టుకునేది. భుజం నొప్పితో తల కూడా దువ్వుకోలేని అమ్మకు ఆమె దగ్గరే కాస్త హాయి దొరికింది.

నిరుడు చలికాలంలో ఒక కప్పు అంచు ఎక్కువ వేడెక్కింది. ఇంటికొచ్చి చూస్తే అమ్మ వీపు మీద నీళ్ళ బొబ్బలు. అమ్మకు షుగరు. తిడదామనే ఫోన్ చేశాను. అవతలి నుంచి ఒక్క సాకు రాలేదు.

“తప్పు నాదే చెల్లె. కప్పు కాలింది, నేను చూసుకోలె. బొబ్బలు చిదమకు. పసుపు, పేస్టు ఏం పెట్టకు. నల్లా నీళ్ళు మెల్లగ పోస్తుండు, నేను వస్తున్న.”

ఆటోలో అశోక్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చి, అమ్మను తనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. “ఎవరు చేశారిది?” అని ఆయన అడిగితే, నేను నోరు తెరిచేలోగా “నేనే చేసిన సార్” అంది. ఆయన గట్టిగానే మందలించాడు. తల వంచుకుని అంతా విని, కట్టు ఎలా మార్చాలో అడిగి తెలుసుకుంది.

ఆ తర్వాత రోజూ వచ్చేది. సబ్బుతో చేతులు కడుక్కునేది. పాత కట్టు అంటుకుంటే లాగకుండా సెలైన్‌తో తడిపి, అది నానేదాకా అమ్మతో ముచ్చట పెట్టేది. ఒక బొబ్బ దానంతటదే పగిలిన రోజు ఎర్రదనం పాకిందేమో, చీము పట్టిందేమోనని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. “జ్వరమొస్తే నాకు ఫోన్ చెయ్యకు, సీదా దవాఖానకే పోవాలె” అని నాకు పదేపదే చెప్పింది.

“రోజూ ఎందుకు పరేషాన్ అయితవు బిడ్డా? మా పిల్ల మారుస్తది గద” అంది అమ్మ ఒకనాడు.

“నా చేతులతోని అయిన పుండమ్మా. మానేది కూడ నేనే చూడాలె.”

పుండు మానింది. గులాబీ రంగు కొత్త చర్మం వచ్చింది. మంట కప్పులు మాత్రం ఆమె మళ్ళీ ఎవరికీ పెట్టలేదు. పంపుతో గాలి లాగేవి కొనుక్కుంది. షుగరుందా అని ముందే అడిగి, కొందరిని వెనక్కి పంపేసేదని విన్నాం. ఇప్పుడు తలచుకుంటే, మా మెట్లెక్కి వచ్చిన ఆ రోజుల్లోనే ఆమె పాదాలు వాచి ఉండేవి. అడిగితే “నిలబడి నిలబడి గట్ల అయితది” అనేది.

చివరిచూపుకు అమ్మ కూడా వస్తానంది. ఫ్రీజర్ పెట్టె పక్కన కూర్చుని, చెమ్మ పట్టిన అద్దాన్ని అరచేత్తో తుడిచి ఆ ముఖం చూసింది. “నీ ఒంటి సంగతి నాకు చెప్పలేదేంది బిడ్డా” అంది, అంతే. మేం లేచేసరికి తుడిచిన చోట మళ్ళీ చెమ్మ కమ్ముతోంది. అమ్మ వంగి, ఇంకోసారి తుడిచింది.