గేటు తీసిన చప్పుడు

ముందుగా నాకు ఖాయంగా తెలిసినవి చెబుతాను. బావ కారు చాలా ఏళ్లుగా గోసాని నువాగాంలో వాళ్ల ఇంటి షెడ్డులో కదలకుండా ఉంది. ఇంజను పట్టేసింది. డ్రైవరు సీటు కింద, తుప్పు పట్టిన చోట స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే అవతలికి దిగిపోయింది; నొక్కింది నేనే. బావకి కళ్లలో నీటికాసులు, అంటే గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని మందు చుక్కలతో కొంతకాలం నిలుపుకోవచ్చని డాక్టరు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పరీక్ష కాగితంలో, పక్కచూపు ఉండవలసిన చోట, రెండు కళ్లకీ నలుపే ఉంది.

ఇక విన్నవి. తుపానుకి కారు సీట్ల దాకా మునిగిందని అక్క అంటుంది. చక్రాలే తడిశాయని బావ అంటాడు. పట్టేసిన ఇంజనులో కిరసనాయిలు పోసి ఉంచితే వదులుతుందని బజారులో ఎవరో అన్నారట. ఖల్లికోటలో ఎవరికో ఆకు పసరుతో చూపు వచ్చిందట. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన నేను వీటన్నిటినీ ఒకే గాటన కట్టి పక్కన పెట్టాను.

బావ కోరిక చిన్నది. చూపు ఉండగానే ఆ కారుని తనే నడిపి, గేటు దాటించి, వీధి చివరిదాకా వెళ్లి రావాలి. అది తీరుతుందనడానికి నాకు ఆధారమేదీ కనబడలేదు. అయినా రోజూ పొద్దున్నే వెళ్లేవాణ్ణి.

బావ పట్టుబట్టాడని ప్లగ్గులు విప్పి కిరసనాయిలు పోశాను. కొన్నాళ్లు నానాక హ్యాండిల్ వేసి తిప్పితే ఇంజను మూలిగి, కదిలింది.

"ఏటి సైన్సు మేస్టారూ, కదల్దన్నావు? మరా ఆకు పసరు కూడా సూసేద్దునా?" అన్నాడు బావ.

"కిరసనాయిలు తుప్పులోకి ఇంకుతాది బావా. పసరు కంటి నరంలోకి ఇంకదు. ఒక పుకారు నిజమైందని రెండోది నిజమైపోదు."

"సూసేవేటే మీ తమ్ముడ్ని! కళ్లు నావి, అనుమానం ఆడిది."

"కబుర్లాపి సుక్కలేయించుకోండి" అంటూ అక్క ఆయన తల వెనక్కి వంచింది.

చుక్కలు ఒక్కపూట కూడా మానలేదు; వేసేది అక్క కనక ఇది నమ్మదగ్గ మాటే. తర్వాతి పరీక్షలో నలుపు ఇంకా లోపలికి జరిగింది.

కారు సంగతీ అంతే. వెల్డింగ్ చేసేవాణ్ణి పిలిపించాను. అతను కారు కిందకి దూరి, సుత్తితో అక్కడక్కడా తట్టి, "ఆగ్యా, లుహా కాహి?" అన్నాడు ఒడియాలో. ఇనుమేదండీ, అని. రేకు అతకాలంటే చుట్టూ గట్టి ఇనుముండాలి. చాసిస్‌లో అది మిగల్లేదు. రోడ్డు మీదికి ఇది పనికిరాదని బావకి చెప్పేశాను.

"ఈది సివరిదాకా వద్దులే. గేటు దాకా ఎల్తే సాలు" అన్నాడు బావ.

విశ్వకర్మ పూజనాడు అక్క కారు కడిగి బానెట్ మీద బొట్లు పెట్టింది. వాకిట్లో వేసిన ముగ్గు వీధిలోకి కనబడాలని, తెల్లవారినప్పటి నుంచీ గేటు రెక్కలు రెండూ బార్లా తీసే ఉంచింది. గేటు షెడ్డుకి ఎదురుగా ఉండదు, కాస్త ఎడమకి ఉంటుంది. బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను హ్యాండిల్ తిప్పాను. ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. షెడ్డు నిండా తెల్లటి పొగ.

"ఒరే, గేటు తియ్యవేటి? గోడ గుద్దీమంటావా?" అన్నాడు బావ, ముందుకే చూస్తూ.

అక్క చేతిలో హారతి పళ్లెం ఆగిపోయింది. ఆమె నావైపు చూసింది.

"తీస్తన్నాను బావా" అని వెళ్లి, తెరిచే ఉన్న గేటు గడియని గట్టిగా ఆడించాను. చప్పుడు బాగానే వచ్చింది.

"అలాగ!" అని బావ గేరు వేశాడు. కారు షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. అక్కడ సీటు కింద ఏదో విరిగిన శబ్దం. కారు ఒక పక్కకి ఒరిగి నిలిచిపోయింది. ఆ తర్వాత కదల్లేదు. ఇప్పటికీ సగం నీడలో, సగం ఎండలో అలాగే ఉంది.

తేలనిది ఒకటుంది. ఆ పూట బావకి గేటు కనబడిందా, లేదా? పొగ ఉన్నమాట నిజం. నన్ను ఆటపట్టించడం ఆయనకి అలవాటన్నదీ నిజం. ఎటూ తేల్చడానికి ఇవి చాలవు. అడిగితే తెలిసిపోతుంది. కానీ అడిగితే ఆయన అక్క ముందు జవాబు చెప్పాలి. తెరిచి ఉన్న గేటుకి చప్పుడెందుకు చేశానో నేనూ చెప్పాలి. అందుకని అడగలేదు.