వీలుంటే గారు

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఆఫీసులో, వీధిలో, చివరికి అత్తవారింట్లో కూడా ఆయన ‘వీలుంటే’ గారే. ఎవరు ఏది అడిగినా కాదనలేని మొహమాటం మనిషిది. “వీలుంటే వస్తానండీ”, “వీలుంటే చూస్తానండీ.” మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది. “మీ నోట ‘రాను’ అన్న ముక్క వినాలంటే నేనింకో జన్మెత్తాలి” అని భార్య ఎన్నిసార్లు నవ్విందో!

ఉద్యోగం గ్యాసు గొట్టాల కంపెనీలో. గ్యాసు ఒకరిది, దాన్ని కాల్చుకునే ఫ్యాక్టరీ ఇంకొకరిది, మధ్యలో భూమి కింద పరుచుకున్న గొట్టం కంపెనీది. ఆ గొట్టంలో ఎవరి గ్యాసుకు ఎంత చోటో ఒప్పందం రాయించడం, ఏ రోజుకారోజు సర్దుబాటు చేయడం ఈయన పని. కొత్తగా వచ్చినవాళ్ళకు బస్సు లెక్కన చెప్పేవాడు. “ఖాయం టికెట్టు తీసుకుంటే సీటు మీదేనండీ. ఎక్కినా ఎక్కకపోయినా చార్జీ తప్పదు. రెండోది చవక. సీటు ఖాళీగా ఉంటే కూర్చుంటారు, లేకపోతే దిగిపోతారు.” ఆ రెండోదానికి కంపెనీ వాళ్ళది నోరు తిరగని పేరేదో ఉంది. ఈయన దాన్ని తన నోటికి అలవాటైన మాటలోకి దించుకున్నాడు. వీలుంటే ఒప్పందం.

గాజు ఫ్యాక్టరీ యజమాని ఆ చవక ఒప్పందానికి వచ్చినప్పుడు బట్టీ మేస్త్రి కూడా వెంట వచ్చాడు. మనిషి తాటిమొద్దులా ఉంటాడు, కనుబొమలు ఏనాడో మంటకు కాలిపోయాయి.

“బస్సులూ సీట్లూ నాకెందుకు సార్. గ్యాసు వస్తుందా రాదా, ఒక్క ముక్క చెప్పండి.”

“వీలుంటే తప్పకుండా వస్తుందండీ.”

మేస్త్రి పకపకా నవ్వాడు. “అంతేగా! మా వియ్యంకుడూ పిలిచిన ప్రతిసారీ వీలుంటే వస్తానంటాడు. అందరికన్నా ముందొచ్చి కూర్చుంటాడు.”

గదిలో అందరూ నవ్వారు. ఈయనా నవ్వాడు. ‘ఇరుకైతే ముందు దించేది మిమ్మల్నే’ అని చెప్పాల్సిన మాట ఆ నవ్వుల్లో గొంతు దాటలేదు.

ఆ ఏడు చలి ఎముకలు కొరికింది. ఇళ్ళలోనూ ఆసుపత్రుల్లోనూ వాడకం పెరిగి గొట్టం నిండిపోయింది. ఒకనాటి తెల్లవారుజామున వీలుంటే ఒప్పందం వాళ్ళందరినీ గొట్టంలోంచి దించేశారు. గాజు బట్టీ వంటింటి పొయ్యి కాదు, ఆర్పి మళ్ళీ వెలిగించుకోవడానికి. మంట తగ్గితే లోపలి గాజు గడ్డకడుతుంది, ఇటుకలు నిలువునా పగులుతాయి. బట్టీ పోతే ఫ్యాక్టరీ పోయినట్టే, ఆ పేటలో ఏ పొయ్యిలోనూ పిల్లి లేవదు. దాచిపెట్టిన నూనె మంటతో సాయంత్రం దాకా దాని ఊపిరి నిలబెట్టగలరు, అంతే.

ఈ సంగతి వీలుంటే గారికి తెలుసు. వచ్చింది మొదలు క్షణం ఆగకుండా గొట్టంలో చోటు వెతికాడు. దొరికింది. పెంకుల ఫ్యాక్టరీకి ఖాయం సీటుంది, వాళ్ళ బట్టీ మరమ్మతులో ఉంది. దాని యజమానురాలు సరేనంటే ఆ సీటు గాజు వాళ్ళకు మార్చవచ్చు. కానీ మధ్యాహ్నం పన్నెండులోపు కంప్యూటరులో ఎక్కించాలి. ఆ తర్వాత ఆ రోజుకు తలుపు మూసినట్టే.

“అమ్మా, మీ సీటు ఖాళీగానే ఉంది కదా...” అని ఫోనులో బతిమాలుతుండగా మొదటి రాయి కిటికీ పగలగొట్టుకుని బల్ల మీద పడింది.

బట్టీ కూలీలంతా ఒక్కసారిగా గేటు మీద పడ్డారు. గాజు ఊదే ఇనుప గొట్టాలు చేతుల్లోనే ఉన్నాయి. ముసలి వాచ్‌మన్ చేతులు అడ్డం పెట్టాడు. రోజూ తన టీలో సగం, ఆఫీసు ఊడ్చే పెద్దమ్మకు పోసే మనిషి. “బాబ్బాబూ, లోపల ఆడవాళ్ళున్నారు నాయనా” అన్నాడు. పగిలిన కిటికీలోంచి వీలుంటే గారు చూస్తుండగానే మేస్త్రి గొట్టం ఆయన నడినెత్తిన దిగింది. ముసలాయన మెట్టు మీద కూలబడి, పక్కకు ఒరిగాడు. ఆయన్ని దాటుకుంటూ పోయారు అందరూ. కిటికీలన్నీ భళ్ళున రాలాయి. ఆ అద్దాలు వాళ్ళ చేతులతో పోసినవే.

ఆఫీసు వాళ్ళు వెనక తలుపున పారిపోయారు. ఫోను వదలని వీలుంటే గారొక్కడే దొరికాడు.

“ఏరా వీలుంటే! మా బట్టీ చల్లారుతుంటే నీకు చల్లగా ఉందిరా?”

చెంప పగిలింది. ఎడమ చెయ్యి పట్టి కుర్చీలోంచి ఈడిస్తే భుజం కీలు తప్పింది. కుడిచేతిలోని ఫోను వదిలించాలని మేస్త్రి గొట్టమెత్తి, బల్ల మీదున్న ఆ చేతి మీదే దించాడు. వేళ్ళు ఎండుపుల్లల్లా చిట్లాయి. ఫోను జారి తీగకు వేలాడింది.

“ఫోన్లో... ఆవిడ...” అంటుంటే పక్కటెముకల్లో తన్నారు. పెద్దమ్మ చీపురు పారేసి వచ్చి ఆయన మీద బోర్లా పడింది. “నన్ను చంపండిరా ముందు!” జుట్టు పట్టి ఆమెను విసిరేస్తే నుదురు గోడకు కొట్టుకుంది. నెత్తురు కళ్ళలోకి కారుతున్నా పాకుతూ మళ్ళీ వచ్చింది.

ఫోనును కూడా చితగ్గొడదామని మేస్త్రి అందుకున్నాడు. అందులోంచి ఆడగొంతు అరుస్తోంది.

“ఒరే, ఎవడ్రా అక్కడ! ఆయన్ని చంపితే మీ బట్టీకి సీటెవడు రాస్తాడ్రా? ఇస్తానంటున్నాను కదా, వినపడి చావదా!”

మేస్త్రి చెయ్యి గాల్లోనే ఆగింది. “ఏం సీటు?”

నెత్తురు ఉమ్మేసి, వీలుంటే గారు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గోడ గడియారం మాత్రం ఎవరి కంటా పడక బతికిపోయింది. పన్నెండు కావస్తోంది.

“కొట్టండి మేస్త్రిగారూ, త్వరగా.”

మేస్త్రి వెనక్కి జరిగాడు. “ఇంక కొట్టను సార్.”

“నన్ను కాదండీ. ఆ కంప్యూటరు మీటలు. నా వేళ్ళు లేవు.”

కాలి మొద్దుబారిన వేళ్ళతో, ఒక్కో అంకె ఈయన చెబుతుంటే మేస్త్రి కొట్టాడు. ఒకసారి రెండు మీటలు కలిసి పడి మొదటికొచ్చింది. “నెమ్మదిగా నాయనా” అన్నది పెద్దమ్మ, కొంగుతో తన నెత్తురు కాదు, మీటల మీది నెత్తురు తుడుస్తూ. చివరి మీట పడింది. సీటు మారింది.

ఆ సాయంత్రం గ్యాసు వచ్చింది. బట్టీ బతికింది.

వాచ్‌మన్ బతకలేదు. ఆసుపత్రి మంచం మీద పెద్దమ్మ చేతిలో చెయ్యి ఉంచి కళ్ళు మూశాడు. భగవంతుడు ఒకటి నిలబెట్టి ఒకటి తీసుకెళ్ళాడు, ఎందుకో ఆయనకే తెలియాలి.

మేస్త్రిని పట్టుకెళ్ళేముందు, అతను కోరితే, పోలీసులు కట్లతో ఉన్న వీలుంటే గారి మంచం దగ్గరకు తీసుకొచ్చారు. తలదించుకుని నిలబడ్డాడు.

“మీ చేతికి నేను చేసినదానికి కాదు సార్. ఆ ముసలాయన సంగతి. కోర్టులో నా మీద సాక్ష్యం చెబుతారా?”

భార్య పక్కనే కూర్చుని నీళ్ళు తాగిస్తోంది. ఏ మాట వస్తుందో తెలుసనుకుని, ముందే కళ్ళు మూసుకుంది.

“చెబుతానండీ” అన్నాడాయన.

ఆవిడ చేతిలో గ్లాసు ఒలికింది. మేస్త్రి తలూపాడు.

“ఆ ఒప్పందం రోజే ఇలా తేల్చి చెప్పుంటే బాగుండేది సార్.”

“అవునండీ” అన్నాడు వీలుంటే గారు.