మా ఇంటి పెద్ద కోడలు

పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే నాకు తెలిసింది, నేను చిన్న కోడల్నని. మా ఆయనేమో ఒక్కగానొక్క కొడుకు! ఎవరా పెద్దావిడ, ఎక్కడుంది, నాతో ఒక్క ముక్కయినా చెప్పకుండా ఎంత పని చేశారు అని నేను ఏడుపు లంకించుకోబోతుంటే, మా మామయ్య నన్ను ముందుగది కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పైమూల చూపించారు. గూడు మధ్యలో తలకిందులుగా వేలాడుతూ ఇంత లావు సాలీడు.

"ఈవిడే పెద్ద కోడలు. నీకంటే ముందొచ్చింది. పెద్దరికం ఇవ్వాలి మరి" అన్నారు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నాకా బాధ లేదు, నా తోడికోడలు నవ్వదు.

మామయ్య గొడుగులు బాగుచేస్తారు. ముందుగదే కొట్టు. విరిగిన ఊచలు, తుప్పుపట్టిన స్ప్రింగులు, నల్లగుడ్డ ముక్కలు, ఊడిపోయిన పిడులు, అన్నీ ఒక రేకుపెట్టెలో. చేతులు పనిచేస్తుంటాయి గానీ కళ్లు మాత్రం కిటికీ మీద, కిటికీలోంచి కనిపించే బోడికొండ మీద. "ఇవాళ కొండ దగ్గరికొచ్చింది చూశావా, గాలిలో తడుంది" అంటారు. ఎక్కడికొచ్చింది మామయ్యా, నిన్న ఉన్నచోటే ఉంది కదా అంటే, "చూడ్డం రావాలమ్మా" అని నా మీద జాలిపడతారు. పెళ్లయిన కొత్తలో మా ఇద్దర్నీ షికారు తీసుకెళ్తానంటే సినిమాకేమో అనుకుని కొత్త చీర కట్టుకున్నాను. తీసుకెళ్లింది కొండకింద వాగుకి! కిందటి గాలివానకి గట్టు ఎలా కోసుకుపోయిందో, ఎర్రమట్టి కింద తెల్లసుద్ద ఎలా బయటపడిందో చూపించడానికి. నా చీర అంచంతా బురద. మా ఆయన చిన్నప్పట్నించీ ఇంతేనన్నట్టు ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు.

ఇక పెద్ద కోడలి సంగతి. గాలివాన వచ్చేముందు ఆవిడ గూడంతా చుట్టబెట్టేసుకుని మూలకి నక్కుతుందని మామయ్య నమ్మకం. చాలాసార్లు నిజమైంది. కానప్పుడు "దాని లెక్కలు దానికుంటాయి" అంటారు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. సాలీళ్లు ఎన్నాళ్లో బతకవు కదా, ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. పెద్ద కోడళ్లు మారుతుంటారు గానీ ఆ పదవి మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

అత్తయ్యకి ఇదంతా ఒళ్లుమంట. పెద్ద కోడలనదు, "ఆ పురుగు" అంటుంది. ఆవిడ నోటికి వీధి వీధంతా హడలు. అలాంటి మనిషి కూడా ఆ ఒక్క మూల జోలికి మాత్రం వెళ్లేది కాదు. కానీ మొన్నామధ్య ఆవిడ చెల్లెలు వస్తున్నానని కబురు పెట్టింది. ఆ చెల్లెలు ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే వేలితో కిటికీ మీద దుమ్ము గీసి చూసే రకం. అంతే, మామయ్య పొద్దున్నే కొండవైపు వెళ్లగానే అత్తయ్య స్టూలెక్కి గూడంతా చీపురుతో దులిపేసింది.

మామయ్య ఇంటికొచ్చాక ఇల్లు పీకి పందిరేస్తారని ఇద్దరం బిక్కుబిక్కుమంటూ ఉన్నాం. మామయ్య వచ్చారు. కిటికీ వైపు చూశారు. మొహం పాలిపోయింది.

"ఏమే! సర్దేసుకుంది! ఒక్క పోగు కూడా లేకుండా సర్దేసుకుంది! ఇంతలా ఎప్పుడూ చూళ్లేదు. పెద్ద గాలివానే వస్తోంది!"

"అది కాదండీ..." అంది అత్తయ్య. ఎవరితో చెబుతోంది? ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా, పెద్ద కోడలు సర్దేసుకుందని అరుస్తూ వీధిలోకి పరిగెత్తారు.

పరుపుల కొట్టాయన మేడ మీద ఆరబోసిన దూదంతా మూటలు కట్టి కిందికి దించాడు. ఇస్త్రీ ఆయన బండి తోసుకుని ఇంటికెళ్లిపోయాడు. జనమంతా అటకల మీంచి పాత గొడుగులు తీసి మా గుమ్మం ముందు బారులు తీరారు. ఇక ఎండ! ఆ వేళ కాసిన ఎండ ఏడాది మొత్తంలో కాసి ఉండదు. ఒక్క మబ్బు తునక లేదు. సాయంత్రానికి పరుపులాయన మా గుమ్మంలోకొచ్చి, అందరూ వింటుండగా అనేశాడు: "గొడుగులు కుట్టేవాడు వాన రాదని ఎందుకంటాడు అన్నా! వ్యాపారమంటే నీదీ."

మామయ్య ఎవరి గొడుగు వాళ్లకిచ్చి పంపేసి తలుపు దగ్గరగా వేశారు. ఆ మర్నాడు కొండవైపు పోలేదు, ఆ తర్వాతా పోలేదు. పెట్టె తెరవలేదు. మనిషి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవారు. "ఇన్నేళ్లూ చూశాననుకున్నానమ్మా. నాకసలు చూడ్డమే రాలేదు" అన్నారు నాతో ఒకరోజు. కొండ నిజంగానే దగ్గరికొచ్చింది మామయ్యా అని అబద్ధమైనా చెబుదామనిపించింది.

వంటింట్లోంచి ఆ మాట విన్న అత్తయ్య గరిటె పట్టుకునే వచ్చేసింది.

"ఏవండీ, ఆ పురుగేం సర్దుకోలేదు. నేనే దులిపేశాను."

మామయ్య తలెత్తి, "బతికుందా?" అన్నారు.

"చంపుతానా! చీపురు మీదే తీసుకెళ్లి పెరట్లో నిమ్మచెట్టు మీద వదిలా. పూటపూటా చూసొస్తున్నా. కొత్త గూడు కూడా కట్టింది."

"అయితే అది అబద్ధం చెప్పలేదే!" అంటూ మామయ్య లేచి పెరట్లోకి ఒకటే పరుగు. నిమ్మచెట్టు కింద చిన్నపిల్లాడిలా గొంతుక్కూర్చుని ఆయన నవ్వుతుంటే మా అత్తయ్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వీధిలో వాళ్లకి అసలు సంగతి చెప్పేయండి మామయ్యా అన్నాను నేను. ఆయన ఒప్పుకోలేదు. "నా మాట నిలబెట్టుకోడానికి మీ అత్తయ్యని పలచన చెయ్యనా? గొడుగుల కోసమే అన్నాననుకోనీ" అన్నారు. అత్తయ్య కిమ్మనలేదు. ఆవిడ కిమ్మనకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

తర్వాత కొన్నాళ్లకి, మధ్యాహ్నం పూట, అత్తయ్య పెరట్లోంచి ఒక్క కేక పెట్టింది. "ఏవండీ! సర్దేసుకుంటోంది! ఈసారి నేను చెయ్యి పెట్టలేదు!"

వెళ్లి చూశాం. సగం గూడు లేదు. మామయ్య కొండకేసి చూసి, "దగ్గరికొచ్చింది" అని గొణిగి, మళ్లీ వచ్చి పెట్టె ముందు కూర్చున్నారు. "నేను చెప్పను. చెబితే మళ్లీ గొడుగుల కోసమే అంటారు."

అత్తయ్య చీపురు చేతపట్టుకుని వీధి మధ్యలో నిలబడింది.

"అందరూ వినండి! ఆ రోజు గూడు దులిపింది నేను! మా ఆయన తప్పూ లేదు, దాని తప్పూ లేదు! ఇవాళ అదే సర్దుకుంది. ఏమయ్యా పరుపులూ, గుడ్లప్పగించి చూస్తావేం, దూది దించు!"

"ఎండ కాస్తోంది కదా వదినా..." అని ఆయన నసిగాడు.

"దించుతావా, నన్ను పైకెక్కమంటావా?"

దించాడు. వీధంతా దించింది. బట్టలు, మంచాలు, ఇస్త్రీ బండి, అన్నీ లోపలికి. అంతలో దుమ్ము లేచి, కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుని, కొండ వెనక ఆకాశం నల్లగా విరుచుకుపడింది. ఏం మెరుపులు! ఏం ఉరుములు! కానీ అదంతా కొండకి అవతలే. మా వీధిలో పడినవి నాలుగు చినుకులు. అందరూ గుమ్మాల్లో నిలబడి ఆకాశం వంక చూశారు, ఆపైన అత్తయ్య చేతిలో చీపురు వంక చూశారు. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు. పరుపులాయన లోపలికెళ్లి విరిగిన గొడుగొకటి పట్టుకొచ్చి, "అన్నా, దీని ఊచ కాస్త చూస్తావా?" అన్నాడు. మామయ్య పెట్టె మూత తెరిచారు.

నేను పెరట్లోకి వెళ్లేసరికి, కొండమీంచి దారి తప్పి వచ్చిందో ఏమో, ఒక జల్లు కాస్త గట్టిగానే పడుతోంది. నిమ్మచెట్టు కింద అత్తయ్య, కొట్టులోంచి తెచ్చిన ఎవరిదో గొడుగు పైకెత్తి పట్టుకుని, ఒక కొమ్మకి అడ్డంగా నిలబడింది.

"ఏం చూస్తావే? పెద్ద కోడలు తడిసిపోదూ?" అంది.

వీధి వీధంతా బట్టలు లోపలికి తీసింది కదా. మా పెరట్లో తాడు మీద మాత్రం నా చీర తడిసి ముద్దయి వేలాడుతోంది. ఎంతైనా నేను చిన్న కోడల్ని.