బండి ఆపితేనే కథ

పోయిన నెల మా పిన్ని పోయింది. పొద్దున్నే పిన్ని పక్కింటావిడ ఫోన్ చేసి నాకు చెప్పింది. చిన్నాన్నకి మాత్రం మధ్యాహ్నం దాకా ఎవరమూ చెప్పలేదు. అప్పటికి ఆయన రాయపూర్ లోడుతో ఘాట్ రోడ్డు దిగుతున్నాడు. "కింద ఆపినాక ఒకపాలి ఫోన్ సెయ్యి" అని మాత్రం అన్నాం. బండి ఆగితేగానీ ఆయనకి ఏ కబురూ చెప్పకూడదన్నది పిన్ని పెట్టిన నియమం. ఆవిడ చావు కబురుకి కూడా అదే పాటించాం.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. సాలూరులో పుట్టి, సాలూరులోనే మేనమామ కొడుకుని చేసుకుంది. చిన్నాన్న లారీ డ్రైవరు. ఆయన నెలలో సగం రోజులు రోడ్డు మీద, ఈవిడ ఇంట్లో. ఇద్దరికీ మధ్య ఉన్నది ఫోను. ఆ ఫోనులో క్షేమ సమాచారాలు రెండు ముక్కల్లో అయిపోయేవి. మిగతాదంతా కథే.

పిన్నికి వెబ్ సీరీస్‌ల పిచ్చి. చింతపండు పిక్క తీస్తూ, ఫోను చెంబుకి ఆనించి చూసేది. మధ్యాహ్నం చిన్నాన్న ఏ ధాబా దగ్గరో భోజనానికి ఆగి ఫోన్ చేస్తే, తను చూసిన ఎపిసోడ్ మొత్తం చెప్పేది. ఆయన ఫోనుని ఖాళీ స్టీలు గ్లాసులో పెట్టేవాడు. అలా పెడితే గొంతు పెద్దగా వినిపిస్తుంది. సాలూరు డ్రైవర్లు ఎవరెవరు ఆగి ఉంటే వాళ్లంతా ఆ నులకమంచం చుట్టూ చేరేవారు.

ముందు ఒకే ప్రశ్న ఉండేది. "బండి ఆపినావా బావా?"

ఒకసారి ఆయన నవ్వులాటకి ఆపానని అబద్ధం చెప్పాడు. "ఇంజిను సప్పుడు నాకినబడతన్నాది. నీ కత ఆ ఇంజినునే అడుగు" అని పెట్టేసింది. ఆ రోజు ధాబాలో డ్రైవర్లందరూ కలిసి చిన్నాన్నని తిట్టారట.

ఆవిడ చెప్పే తీరు వేరు. ఎవరు ఎవర్ని చంపారన్నది ఎంత ముఖ్యమో, చచ్చినవాడి ఇంట్లో ఆ పూట ఏం వండారన్నదీ అంతే ముఖ్యం. సాగదీసిన సీజన్లంటే ఒళ్లు మంట. "ఊరబెడితే పచ్చడి బాగుంటాది గానీ కత బాగుంటాదేటే?" అనేది. "మొదటి సీజను బుద్ధితో తీస్తారు, రెండోది ఆశతో తీస్తారు" అన్నది కూడా ఆవిడే. నేను విజయనగరంలో పని చేసే ఆఫీసులో ఈ మాట నా సొంతమన్నట్టు వాడుకుని పేరు కొట్టేశాను.

మా ఆఫీసు సంగతి కూడా చెప్పాలి. పొద్దున్న కుర్చీలో కూర్చున్నది మొదలు ఏ సీరీస్ ఎలా ఉంది, ఎన్ని చుక్కలివ్వాలి, ఏ సీజన్‌తో చెడింది అన్నదే గొడవ. కొండల్లోని ఒక ఊరి మీద తీసిన సీరీస్ ఒకటి అందరం చూశాం. అందులో ఒక ముసలి లారీ డ్రైవరు ఉంటాడు. కొడుకుతో మాటల్లేవు, ఊళ్లో అందరికీ చేదోడు. మొదటి సీజన్‌ని నిలబెట్టిందే ఆ పెద్దాయన. రెండో సీజన్‌లో మూడో ఎపిసోడ్‌కే ఆయన లారీని లోయలోకి తోసేశారు. మనం ఉలిక్కిపడాలని తప్ప ఆ చావుకి ఇంకో కారణం లేదు. మొదటి సీజన్ బంగారం, రెండోది ఇత్తడి కూడా కాదని మా ఆఫీసంతా ఒక్కమాట మీద ఉంది.

అలాంటిది, కిందటి వేసవిలో సాలూరు వెళ్తే, పిన్ని ఇంటి అరుగు మీద డ్రైవర్లు రెండో సీజనే గొప్పదని కొట్లాడుకుంటున్నారు.

"ఆ ముసిలోడు కొడుకింటికెల్లి గంజి తాగినాడు సూడు, ఆ ముక్క సాల్రా. మొదటి దాన్లో ఏటున్నాది?" అన్నాడొకతను.

నేను తెల్లబోయి వంటింట్లోకి వెళ్లాను. "పిన్నీ, ఆయన చచ్చిపోయాడు కదా?"

పిన్ని వంకాయలు తరుగుతూ తలెత్తలేదు. "మెల్లిగా సెప్పే, గుంటా. ఆల్లందరూ రేపు ఘాట్ ఎక్కాల. మీ సిన్నాన్న ముందెక్కతాడు. లారీ లోయలో పడిపోనాదని నానేటి సెప్పీది? అందుకే కొడుకింటికి అంపించీసినాను."

"మరి తర్వాత ఎపిసోడ్లు?"

"కట్టపడి సెప్తన్నాను. ఆల్లు తీసిందానికంటే బాగానే వస్తన్నాది" అంది. నిజంగానే బాగా వచ్చింది. చెడిపోయిన కూరలో చెయ్యి పెట్టి మళ్లీ రుచి తేవడం అందరివల్లా కాదు.

అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎందుకంటే ఆ వేసవికే ఆవిడకి కడుపులో నొప్పి ఉందట. నాతో గేసు అంది. చిన్నాన్నతోనూ గేసు అనే అంది. ధాబా మంచం మీద, స్టీలు గ్లాసులోంచి, అదే గొంతుతో. వైజాగ్ వెళ్లి చూపించుకోమని డాక్టరు ఎప్పుడో చెప్పాడని పక్కింటావిడ ఇప్పుడు అంటోంది. "ఈ ట్రిప్పు అయిపోనీ అన్నాదమ్మా. ఆ ట్రిప్పు అయితే ఇంకో ట్రిప్పు అన్నాది." ఇంకొకరి కథని అంత శ్రద్ధగా సరిచేసిన మనిషి తన కథ దగ్గరికొచ్చేసరికి సాగదీసింది. ఈ మాట రాస్తుంటే నాకు కోపమే వస్తోంది. పోయినవాళ్ల మీద కోపం రాకూడదంటారు. వస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

ఆవిడ పోయిన వారంలోనే ఆ సీరీస్ మూడో సీజన్ వచ్చింది. పెద్దకర్మ నాడు డ్రైవర్లందరూ వచ్చారు. భోజనాలయ్యాక షామియానా కింద చాపల మీద కూర్చున్నారు. చెప్పేవాళ్లు లేక ఈసారి వాళ్లే ఫోనులో చూసేశారు. ఒకతను అలవాటు కొద్దీ ఫోనుని స్టీలు గ్లాసులో పెట్టి, అందులో ఒక ఎపిసోడ్ పెట్టాడు.

"ఇదిగో, సూడండి. ముసిలోడి ఫొటోకి దండేసినారు. ఎప్పుడు సచ్చిపోనాడు? సెప్పా పెట్టకుండా సంపీడమేటి?"

"ఒదిన సెప్పినప్పుడు బతికే ఉన్నాడు గదా."

"అయితే ఒదిన తప్పు సెప్పినాదేటి మరి?"

ఎదురుగా గోడకి పిన్ని ఫొటో ఉంది, దండతోనే. ఏ సీజన్ బాగుంది, ఏది చెత్త అని ఆ పూట కూడా వాదించుకోగలిగిన మనుషుల్ని చూస్తే నాకు రోత పుట్టింది. లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. చిన్నాన్న నా వెనకే వచ్చాడు. గుండు చేయించుకున్న తల మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు.

"నువ్వు సూసినావు గదమ్మా. ముసిలోడు ఎప్పుడు పోనాడు?"

"రెండో సీజన్‌లోనే, చిన్నాన్నా. లారీ లోయలో పడిపోయింది."

ఆయన చూపు నూతి గట్టు మీదే ఉంది.

"మరి కొడుకింటికాడ గంజి తాగిందో?"

"అది పిన్ని కల్పించింది. మీరు ఘాట్ మీద ఉంటారని."

"నాకు బయమేస్తాదని ముసిలోడి సావు దాసింది" అన్నాడు. "దాని నొప్పీ దాసింది. రెండూ ఒక్క గొంతుతోనే సెప్పింది. ఏది కతో ఏది కాదో నాకెలా తెలుస్తాది? ఒకపాలి బండి తిప్పుకొచ్చీ బావా అంటే నానొచ్చీనా, మాననా? అడగాల గదా." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "బండి ఆపినావా అని రోజూ అడిగింది. ఆపీమని ఒక్కనాడూ అననేదు."

షామియానా కింద గొంతులు పెరిగాయి. ఒదిన మనల్ని మోసం చేసిందని ఒకడు, చేస్తే ఏమైందని ఇంకొకడు. చిన్నాన్న విన్నాడు. ఆ నిమిషంలో ఆవిడ పరువు ఆయన నోటి మాట మీద ఉంది. నిజం చెప్పేస్తే ఆవిడ అబద్ధాలకోరు అయిపోతుంది. ఆయనకి ఆవిడ మీద ఉన్న కోపానికి చెప్పేసినా ఆశ్చర్యం లేదు.

వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడు. "బండ్లన్నీ ఆపినార్రా?" అని అడిగాడు.

అందరూ వాదన ఆపి ఆయన చుట్టూ జరిగారు.

"మీ ఒదిన సెప్పిందే నిజం. తీసినోల్లకి తెలీదు. ముసిలోడు కొడుకింటికాడే ఉన్నాడు. ఆడింక బండెక్కడు."

మూడో సీజనే తప్పని ఒకతను తల ఊపాడు. ఇంకొకతను మెల్లగా అడిగాడు. "తరవాతేటైనాది, అన్నా?"

చిన్నాన్న నోరు తెరిచాడు. ఏదో మొదలుపెట్టబోయాడు. వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"తరవాతది నాకు రాదురా" అన్నాడు.

గ్లాసులోంచి ఆ ఫోను తీసి చాప మీద పెట్టాడు. అప్పటిదాకా ఖంగుమంటున్న సీరీస్ గొంతులు ఒక్కసారిగా సన్నబడిపోయాయి. ఆ గ్లాసుతోనే బిందెలో నీళ్లు ముంచుకుని, గోడకేసి తిరిగి తాగాడు.