కూతలో కెమిస్ట్రీ

ఆ రోజుల్లో కర్నూలులో మా కాలేజీ కబడ్డీ అంటే నేనే. నేను లేకుండా మా జట్టు మైదానంలో దిగిన రోజు లేదు. (నేను లేకపోతే ఆటగాళ్ళ చొక్కాలు, చెప్పులు ఎవరు పట్టుకుంటారు? గీత లోపల ఏనాడూ అడుగు పెట్టలేదు, ఒప్పుకుంటున్నాను.) గీత లోపల మెరుపు మా సంగటోడు. రాయచోటి వైపు పల్లె నుంచి వచ్చి నా క్లాసులోనే చేరి, హాస్టల్లో నా గదిలోనే ఉండేవాడు. సంగటి ముద్దలు ఆపకుండా తింటాడని ఆ పేరు. పొద్దున ఆట, సాయంత్రం ఆట, మధ్యలో క్లాసులో నిద్ర. వాడు అలిసి వచ్చేసరికి మెస్సు మూసేసేవారు. (వాడి కంచం నేనే దాచిపెట్టేవాణ్ణి; అదేమంత చెప్పుకోదగ్గ విషయం కాదు.)

ఒకరోజు వాడు పెట్టె సర్దుకుంటున్నాడు. "కెమిస్ట్రీ తప్పితే వచ్చి చేన్లో మడక పట్టి దున్నమన్యాడు మా నాయన. ఎట్లాగూ తప్పుతా, ఇప్పుడే పోతాండా."

"రేయ్, నేనుండంగా నువ్వెట్ల తప్పుతావురా?" అన్నాను. పుస్తకం పట్టుకుంటే వాడికి నిద్ర; కూతకు వెళ్తే హుషారు. అందుకని సాధనలో 'కబడ్డీ కబడ్డీ' మాన్పించి, గుక్క తిప్పుకోకుండా మూలకాల వరస పలికించాను. కొన్నాళ్ళకే వాడు "హైడ్రోజన్ హీలియం లిథియం" అంటూ వెళ్ళి ఇద్దర్ని తాకి వచ్చేవాడు.

తర్వాత కడపలో ఫైనల్. ఆఖరి కూత మావాడిదే. గీత దాటాడు, "బెరీలియం బోరాన్ కార్బన్" అంటూ ముగ్గుర్ని తాకాడు. రిఫరీ ఈల వేశాడు. "ఏమప్పా, కూతకొస్తివా, మంత్రాలు సదవనీకొస్తివా?"

కప్పు పోయింది. తిరుగు బస్సులో మా ఆటల సారు నా పక్కన కూర్చోవడానికి కూడా ఇష్టపడలేదు. అయితేనేం, సంగటోడు పరీక్ష గట్టెక్కాడు! హాల్లో గుక్కబట్టి, కాలు చాచి, ముందు బెంచీవాడి వీపు తాకితేగాని జవాబు గుర్తురాలేదట. ఒక ఆటగాడి చదువు నిలబెట్టిన ఘనుణ్ణని ఇన్నేళ్ళూ ప్రతి పెళ్ళి పందిట్లోనూ చెప్పుకుంటూ వచ్చాను.

మొన్న ఇంటికొచ్చిన వాడి చేతిలో ఇక్కడిదాకా రాసిన ఈ కాగితాలు పెట్టాను. ఆటల మాస్టారుగా రిటైరైనా ఆ భుజాలు అలాగే ఉన్నాయి. అద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివాడు. నేను మెప్పు కోసం మీసం దువ్వుకుంటున్నాను.

"శానా కోతలు కోసినావు గానీ, నేను కాలేజీలో నిలిచింది నీ కెమిస్ట్రీకి కాదప్పా. ఆడి వస్తే, కంచం మీద మూతపెట్టి నాకోసరం ఒకడు కూర్చోనుండె. వాని కోసరం నిలిస్తి. దాన్ని తీసకపోయి బ్రాకెట్లో యాల పెట్టినావు?" అని, అద్దాలు తీసి నావైపు చూశాడు. "ఇంగ ఆ పరీక్షలో తప్పింది నువ్వు. అది యాడ రాసినావు?"