అత్త ముంచని ఓడ

మా మేనత్త చనిపోయిందని పోయిన నెల ఒక పొద్దున ఫోన్ వచ్చింది. ఆఫీసుకు పోయే బస్సు కోసం కరీంనగర్ బస్టాండులో నిలబడి ఉన్నాను. అక్కడి నుంచే కోరుట్ల బస్సెక్కాను. వయసు పైబడింది, చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు, నిద్రలోనే పోయింది. ఇలాంటి చావుకు ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేరు. అంత్యక్రియలయ్యాక వాకిట్లో కూర్చున్న వాడకట్టు ఆడవాళ్లు ఆమె గుణగణాల గురించి కాకుండా టర్కీ గురించి, కొరియా గురించి మాట్లాడుకున్నారు. దూరం నుంచి వచ్చిన చుట్టాలకు అది వింతగా తోచింది. మీకూ తోచవచ్చు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

అత్త కాపురానికి వచ్చిన నాటి నుంచీ బీడీలు చుట్టింది. బొటనవేలు వంగడం మానేశాక చాట పక్కన పెట్టింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు మాత్రం వంటలు ముగించుకుని, తునికాకు నింపిన చాటలతో ఎప్పటిలాగే ఆమె ఇంటి ముందర్రలోకి వచ్చి కూర్చునేవారు. బీడీ చుట్టేవాళ్లకు కళ్లు చేతుల మీదే ఉండాలి. తల ఎత్తితే ఆకు చినుగుతుంది, పని వెనకబడుతుంది. టీవీ ముందు కూర్చున్నా టీవీ చూడలేరు. అందుకని అత్త చూసేది, చూసింది చూసినట్టు చెప్పేది, వాళ్లు వినేవారు.

మామూలు సీరియళ్లు విసుగొచ్చాయంటే నేనొక పెద్ద టీవీ కొనిచ్చి, నా ఫోన్ నంబరు మీద చందా కట్టాను. అది మొదలు ఆమె ఏ దేశాన్నీ వదల్లేదు. ముస్లింల ఇళ్ల మధ్య పెరిగింది కాబట్టి ఉర్దూ, హిందీ బాగానే వచ్చు. హిందీలోకి మార్చినవి అర్థమయ్యేవి. మార్చనివి మొహాలు చూసి చెప్పేది. ఇంగ్లండు వాళ్ల హాస్య సీరియల్ ఒకటి అలాగే చెప్పబోయింది. ఎవరూ నవ్వలేదు, ఆమె కూడా నవ్వలేదు. "గీళ్లకు నవ్వుడు రాదు" అని ఆపేసింది.

కొరియా పేర్లకు నోరు తిరగక కిరాణం సేటు, పాలామె కొడుకు అంటూ వాడకట్టులోని పోలికలు వాడేది. స్వీడన్ పోలీసామె హంతకుణ్ని వెతుకుతుంటే అత్తకు హంతకుడి ఫికర్ లేదు, ఆ పిల్ల పొద్దటి నుంచీ కాఫీ తప్ప ఏమీ తినలేదని పరేషాన్. చచ్చినవాళ్లు లేచి మనుషుల్ని కొరుకుతూ తిరిగే సీరియల్ చూసి, వాళ్లకు దినాలు చేసి కాకికి ముద్ద పెట్టలేదు కాబట్టే తిరుగుతున్నారని తేల్చింది. "గింతమంది సచ్చిండ్రు, ఒక్కలన్న పిట్టకు వెట్టిండ్రా?" అని అడిగిందట. ఆ లెక్కన చూస్తే కథలో తప్పేమీ దొరకదు.

ఏడుపు ఘట్టం వస్తే వినేవాళ్ల చేతులు ఆగేవి. అప్పుడు, పని మానకండి, వాళ్లు ఎక్కడికీ పోరు అనేది. నిజమే, రిమోట్ ఆమె చేతిలోనే ఉండేది.

అలా వినేవాళ్లలో రజిత ఒకతె. మూడిళ్ల అవతల ఉంటుంది, వరస ఏమీ లేకపోయినా అత్తా అనే పిలిచేది. ఆమె భర్త ఒమన్‌లో. కంపెనీ మూతపడ్డాక కాగితాల్లేకుండా ఎక్కడెక్కడో పని చేసేవాడు. కొన్నాళ్లకు అతని ఫోన్లు రావడం ఆగిపోయింది.

అదే కాలంలో అత్త ఒక టర్కీ సీరియల్ మొదలుపెట్టింది. అందులో ఒక జాలరి, అతని చిన్న వయసు భార్య. మొదట్లోనే ఓడ మునిగి అతను పోతాడు. ఆమెను ఒక ధనవంతుడు ఇష్టపడి పెళ్లి చేసుకోవడమే మిగతా కథ. ఓడ మునిగే భాగం వచ్చిన రోజు రజిత ఎదురుగానే ఉంది. అత్త తెర వైపు చూసింది, రజిత వైపు చూసింది. ఓడ ఒడ్డుకొచ్చింది అని చెప్పింది.

ఇక అక్కడి నుంచి మొదలయ్యాయి తిప్పలు. మొగుడు బతికుంటే ఆమె ఇంకొకణ్ని ఎలా చేసుకుంటుంది? అత్త ఆ ధనవంతుణ్ని ఆమెకు అన్నను చేసింది. పెళ్లి ఏదో పండుగ అయింది. మొగుడేమో కాగితాల్లేక వేరే ఊళ్లో పని చేసుకుంటున్నాడు, అక్కడ ఫోన్లు కలవవు. ఒకసారి లచ్చవ్వ అనే ముసలామె తల ఎత్తి, అన్నయితే నడుము మీద చెయ్యి వేస్తాడా అని అడిగింది. "ఆ దేశంల గంతే" అంది అత్త. లచ్చవ్వ తల దించుకుంది. అత్త నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పి, ఇంకెన్ని భాగాలున్నాయో చూడమంది. చాలా ఉన్నాయన్నాను. నిట్టూర్చి పెట్టేసింది.

తర్వాత ఒమన్ నుంచి కబురొచ్చింది. మా వైపు ఇలాంటి కబుర్లు ముందు మగవాళ్లకు చేరతాయి. శవపేటిక వచ్చేదాకా భార్యకు దవాఖానలో ఉన్నాడని చెప్పి జరుపుతారు. దాన్ని దయ అనుకుంటారు. ఈసారీ అదే అనుకుని, వాడకట్టు పెద్దమనుషులు అత్త దగ్గరికే వచ్చారు. కథలు అల్లడం నీకు వచ్చు కదా, పెట్టె వచ్చేదాకా ఏదో ఒకటి చెప్పి నడిపించు అన్నారు. అత్త వాళ్లకు చాయ్ ఇచ్చి పంపి, చెప్పులేసుకుని రజిత ఇంటికి వెళ్లింది.

"నీ పెనిమిటి చనిపోయిండు బిడ్డా. గుండె ఆగిందట. నీకు చెప్పద్దన్నరు. దాచుడు నాతోని గాలే."

అంతే చెప్పింది, పొద్దు గూకేదాకా పక్కన కూర్చుంది. పెద్దమనుషులు చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. పెట్టె వచ్చే లోపల ఒంటరిగా ఏడ్చుకోవడానికి తనకు కొన్ని రోజులు దొరికాయని రజిత నాతో అంది. ఆ మాట విన్నప్పుడు మా అత్తను చూసి గర్వపడ్డాను. గర్వం నేను తేలిగ్గా వాడే మాట కాదు.

కొన్ని నెలల తర్వాత, టీవీలో ఏమీ రావడం లేదని అత్త అంటే వెళ్లి సరిచేశాను. ఆ రోజే రజిత చాట పట్టుకుని మళ్లీ వచ్చింది. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. అత్త ఏదో జపాన్ వంటల సీరియల్ పెట్టబోతే రజిత వద్దంది.

"టర్కీదే వెట్టు అత్తా. ఆయన ఓడల్నే చనిపోయిండు గద. నేను అప్పుడే నా ఫోన్ల సూసిన."

"మరి గిన్ని దినాలు ఎందుకిన్నవే?"

"నువ్వు చెప్తుంటె బతికే ఉండె."

అత్త రిమోట్ నొక్కుతూ మొదటి భాగానికి పోయింది. ఈసారి ఓడ మునిగింది. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపంతా అత్త దాచకుండా చెప్పింది, రజిత తల వంచుకుని చుడుతూనే విన్నది. ఎక్కువ ఆగకుండా దాటుకుంటూ పోయి, అన్న అన్నవాడు మొగుడయ్యే చోటికి వచ్చేసరికి లచ్చవ్వ, నాకు అప్పుడే అనుమానమొచ్చింది అని గొణిగింది. రజితకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. దారం వేలికి చుట్టుకునే ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఆమె నవ్వుతూనే ఉంది.

అత్త తెర మీది బొమ్మను ఆపింది. సముద్రం ఒడ్డున ఆ ఇద్దరూ చేతులు పట్టుకుని, గాలికి లేచిన చున్నీ లేచినట్టే ఉండగా, రజిత నవ్వు అయిపోయేదాకా అలాగే నిలబడ్డారు.